దిండులో శత్రువు, చీపురుతో యుద్ధం

ఇంట్లో ఒకరికి పొద్దున్నే లేవగానే వరసపెట్టి తుమ్ములు మొదలైతే, మన ఇళ్ళలో ముందుగా నేరం పడేది చీపురు పట్టిన మనిషి మీద. "మంచాల కింద సరిగ్గా ఊడుస్తున్నావా అమ్మాయ్?" అని అత్తగారు అడుగుతారు. "కిటికీలు బార్లా తీసిపెడితే రోడ్డు మీది దుమ్మంతా లోపలికే" అని మామగారు తేల్చేస్తారు. డాక్టరు చీటీ మీద డస్ట్ అలర్జీ అని రాసి, "దుమ్ముకు దూరంగా ఉండండి" అని ఒక్క మాట చెప్పి పంపించేస్తాడు. ఆ మర్నాటి నుంచి ఆ ఇంట్లో రెండు పూటలా ఊడ్చేది మూడు పూటలవుతుంది. కిటికీలు మూతపడతాయి. ఫ్యాను రెక్కలు వారం వారం తుడుస్తారు. తుమ్ములు మాత్రం తగ్గవు. తగ్గడం లేదని ఇంకా ఊడుస్తారు.

ఈ దారి మొదటి అడుగులోనే తప్పింది. ఇంట్లో తగులుకునే అలర్జీలకు ప్రపంచమంతటా ప్రధాన కారణాల్లో ఒకటి డస్ట్ మైట్ అనే అతిచిన్న జీవి. అది రోడ్డు మీద ఉండదు, కిటికీలోంచి రాదు, నున్నటి గచ్చు మీద కాపురం పెట్టదు. మనం తల ఆనించే దిండులో, వెన్ను వాల్చే పరుపులో, కప్పుకునే రగ్గులో ఉంటుంది. కంటికి కనిపించే దుమ్మును ఎంత తుడిచినా దాని జోలికి వెళ్ళినట్టు కాదు. పైగా పొడి చీపురుతో మనం చేసే శుభ్రత చాలాసార్లు రోగికి హానే చేస్తోంది. ఇల్లు అంత పొందికగా పెట్టుకున్న ఇల్లాలిని నిందించడం అన్యాయం. ఆమె పిల్లవాడికి చేయవలసింది చేయకుండా ఏళ్ళు గడిపేయడం అంతకంటే అన్యాయం. ఈ రెండింటి గురించీ గట్టిగా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు ఆ జీవి సంగతి. మిరప చేలో ఆకు ముడత తెచ్చే నల్లి గురించి గుంటూరు రైతులకు వేరే చెప్పనక్కర్లేదు. డస్ట్ మైట్ ఆ కోవకు చెందినదే. ఎనిమిది కాళ్ళు, సాలెపురుగుకు దూరపు చుట్టరికం. పొడవు మిల్లీమీటరులో మూడో వంతు మించదు, ఒళ్ళు తెల్లగా పారదర్శకంగా ఉంటుంది కనుక కంటికి ఆనదు. మంచాల్లో ఉండి కుట్టే నల్లి వేరు, ఇది వేరు. ఇది కుట్టదు, రక్తం తాగదు. మన ఒంటి నుంచి రోజూ రాలిపోయే చర్మపు పొలుసులే దీనికి తిండి. నోటితో నీళ్ళు తాగే పని లేదు, గాలిలోని తేమనే ఒంటితో పీల్చుకుంటుంది. అందుకే తేమ ఉన్నచోటే దాని బతుకు. గాలిలో తేమ 50 శాతం కన్నా తగ్గి చాలా రోజులు అలాగే ఉంటే ఎండిపోయి చస్తుంది. మనిషి పడుకునే పరుపులో వేడి, చెమట తేమ, రాలిన చర్మం మూడూ ఒక్కచోటే దొరుకుతాయి. ఇంట్లో దానికి ఇంతకు మించిన తావు మరొకటి లేదు.

అలర్జీ తెచ్చేది కూడా ఎక్కువగా దాని ఒళ్ళు కాదు, దాని విసర్జన. ఒక్కో మైట్ రోజుకు ఇరవై దాకా గుళికలు వేస్తుంది. వాటిలో డెర్ పి 1 అనే ప్రొటీన్ ఉంటుంది. తిండి అరిగించుకోవడానికి మైట్ పొట్టలో ఊరే ఎంజైమ్ అది. మన ముక్కు లోపలి పొర మీద పడితే ఆ పొరలోని కణాల మధ్య అతుకులను సడలించి లోపలికి దారి చేసుకోగలదు. ఇంటి దుమ్ములోని మైట్ అలర్జీకారకంలో అత్యధిక భాగం ఈ గుళికల్లోనే ఉందని టోవీ, చాప్‌మన్, ప్లాట్స్-మిల్స్ అనే పరిశోధకులు 1981లో 'నేచర్' పత్రికలో నిరూపించారు. మైట్ చచ్చిపోయినా ఆ ప్రొటీన్ నెలల తరబడి పరుపులో అలాగే ఉంటుంది. చంపితే చాలదు, దాన్ని కడిగి పోగొట్టాలి, లేదా మన ముక్కుకు అందకుండా మూసిపెట్టాలి. గృహ వైద్యాలన్నీ తడబడేది ఈ ఒక్క చోటే.

ఇంటి దుమ్ము కొందరికి పడదని 1920ల నాటికే వైద్యులకు తెలుసు. ఆ దుమ్ములో ఏది పడటం లేదో తేలడానికి మరో నలభై ఏళ్ళు పట్టింది. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో రైండర్ట్ వోర్‌హోర్స్ట్, ఫ్రిట్స్ స్పీక్స్మా 1964 నుంచి వెలువరించిన పరిశోధనల్లో మైట్‌ను పట్టుకున్నారు. వాళ్ళ దేశంలోని చెమ్మ ఇళ్ళ దుమ్ములో మైట్లు దండిగా దొరికాయి, పొడి ఇళ్ళలో తక్కువ. స్విట్జర్లాండ్‌లో 1,500 మీటర్లకు పైన ఉన్న దావోస్‌లో ఉబ్బసం రోగులు ఎందుకు తెరిపిన పడతారో కూడా దీనితో అర్థమైంది. ఆ కొండ గాలి పొడిగా ఉంటుంది, అక్కడి ఇళ్ళలో మైట్లు బహు తక్కువ.

వీధి దుమ్మే కారణమని ఇంకా నమ్మేవాళ్ళు పాపువా న్యూగినీ సంగతి వినాలి. అక్కడి కొండ ప్రాంతాల్లో సౌత్ ఫోరే అనే జనం ఉన్నారు. మట్టి నేల గుడిసెలు, లోపలే పొయ్యి, ఒంటి నిండా ధూళి, చుట్టూ పొగ. వాళ్ళలో ఉబ్బసం దాదాపు ఎరగనిదిగా ఉండేది. 1970ల నాటికి అది కనిపించడం మొదలైంది, కొన్నేళ్ళలోనే పెద్దవాళ్ళలో నూటికి ఏడుగురి దాకా పెరిగింది. డౌస్, టర్నర్, వుల్కాక్ అనే పరిశోధకులు వెళ్ళి వెతికితే వాళ్ళ దుప్పట్ల దుమ్ములో మైట్లు కిక్కిరిసి కనిపించాయి. బయటి నుంచి వచ్చిన ఆ దుప్పట్లను కొండచలికి ఒంటినిండా కప్పుకుని పడుకునేవాళ్ళు, ఉతికే అలవాటు లేదు. 1985లో ఈ వివరాలు అచ్చయ్యాయి. మట్టీ ధూళీ ఆ జనానికి తరతరాలుగా ఉన్నవే. కొత్తగా వచ్చింది దుప్పటి. మన ఇళ్ళలో ఎవరు దోషులో తేల్చడానికి నాకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు మన చీపురు దగ్గరికి వద్దాం. మైట్ గుళికలు బరువైనవి. ఎవరూ కదిలించకపోతే గాలిలో ఉండవు, కదిలించాక కూడా అరగంటలో మళ్ళీ కిందకి దిగిపోతాయి. పక్క దులిపినప్పుడు, దిండు కొట్టి సరిచేసినప్పుడు, పొడి చీపురు విదిలించినప్పుడు మాత్రమే అవి లేచి ముక్కులోకి వెళతాయి. పొద్దున్నే పక్కల మీంచి లేచీ లేవగానే దుప్పట్లు గదిలోనే టపటపా దులిపి మడతపెట్టడం మన ఇళ్ళలో మంచి అలవాటు కింద లెక్క. అలర్జీ ఉన్న పిల్లవాడు ఆ గదిలోనే కూర్చుని పళ్ళు తోముకుంటుంటాడు. పండగ ముందు బూజు దులిపిన రోజున, చలి మొదలయ్యాక అటక మీది రగ్గులు దించి కప్పుకున్న మొదటి రాత్రిన ఆయాసం ఎందుకు వస్తుందో ఆ ఇంటివాళ్ళకు బాగా తెలుసు. "దుమ్ము లేచింది" అనే అంటారు. ఏడాదంతా అటక మీద ఉన్న ఆ రగ్గులో ఏముందో మాత్రం అడగరు. తడిగుడ్డతో తుడవడం మంచిదే, పొడిగా ఊడ్చే పని అలర్జీ ఉన్నవాళ్ళు చేయకూడదు, ఊడ్చాక అరగంట ఆ గదిలోకి పోకపోవడం మేలు. నేల వరకు ఇంతే చాలు. నేల మీద రోజుకు గంట పెట్టేవాళ్ళు పరుపు మీద వారానికి పావుగంట పెట్టకపోవడమే నా ఫిర్యాదు.

ఆ ఫిర్యాదు విన్నవాళ్ళకు వెంటనే గుర్తొచ్చేది ఇంటికొచ్చి పరుపు శుభ్రం చేసి చూపించే మెషిన్ల వ్యాపారం. మా బంధువుల ఫ్లాట్‌లో ఒకసారి ఆ ప్రదర్శన దగ్గరుండి చూశాను. టై కట్టుకున్న కుర్రాడు పరుపు మీద ఒక చదరం గీసి, మెషిన్ గొట్టానికి నల్లగుడ్డ బిగించి, ఆ చదరం మీద అటూ ఇటూ నాలుగుసార్లు లాగాడు. గుడ్డ విప్పితే మధ్యలో బూడిద రంగు పొడి, గుప్పెడు కాదు గానీ చిటికెడు కన్నా ఎక్కువే. "ఇదంతా పురుగులండీ, మీ పాప రోజూ దీని మీదే పడుకుంటోంది" అన్నాడు. ఆ తల్లి మొహం పాలిపోయింది. వెంటనే వాయిదాల కాగితం మీద సంతకం అయిపోయింది. ఆ పొడిలో నిజంగా ఉండేది ఎక్కువగా చర్మపు పొలుసులు, నూలు, దూది పీచు. మైట్ గుళికలు కూడా కొన్ని ఉంటాయి, కాదనను. బతికున్న మైట్లు మాత్రం కాళ్ళ చివర ఉండే మెత్తలతో పీచును గట్టిగా పట్టుకుని ఉంటాయి, ఏ గొట్టమూ వాటిని సులువుగా లాగలేదు. పైపైన ఉన్నది పోయినా లోపలి దండు అలాగే ఉంటుంది, కొన్ని వారాల్లో పైకి వస్తుంది. మంచి వడపోత లేని వ్యాక్యూమ్ అయితే సన్నటి రేణువులను వెనక నుంచి గదిలోకే వదులుతుంది. తల్లి భయాన్ని అమ్ముకుని సాగే ఈ వ్యాపారం నాకు కోపం తెప్పిస్తుంది. అదే డబ్బులో కొంత పెడితే ఆ పాప పరుపుకూ దిండుకూ సరైన కవర్లు వచ్చేవి, వాటి మాట ఆ కుర్రాడు ఎత్తలేదు.

ఎయిర్ ప్యూరిఫయర్ల మీద కూడా ఇదే మాట చెప్పాలి. హైదరాబాదులో పొగ, వాహనాల కాలుష్యం ఉన్నచోట వాటికి వేరే ఉపయోగం ఉండొచ్చు. పిల్లి అలర్జీ ఉన్నవాళ్ళకూ కొంత పనికొస్తుంది, పిల్లి నుంచి వచ్చే అలర్జీకారకం తేలికగా గంటల తరబడి గాలిలో తేలుతుంది కనుక. మైట్ గుళిక అలా తేలదు. దిండులో మొహం పెట్టుకుని పడుకున్న మనిషి ముక్కుకూ ఆ గుళికకూ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు. గది మూలన పెట్టిన యంత్రం ఆ బెత్తెడులోకి ఎలా వస్తుంది?

సాంబ్రాణి, వేపాకు పొగ, కర్పూరం పురుగులను చంపుతాయనే నమ్మకం ఇంకా బలంగా ఉంది. పసిబిడ్డకు తలంటి సాంబ్రాణి పొగ పట్టడం మన ఇళ్ళలో ఎంత ప్రేమగా చేసే పనో నాకు తెలుసు. కానీ ఏ పొగ అయినా ఊపిరితిత్తులకు పొగే. పిల్లికూతలు ఉన్న బిడ్డ గదిలో పొగ పెట్టకండి, దోమల చుట్ట కూడా వెలిగించకండి. దోమతెర కట్టండి.

తిండి మీద పెట్టే ఆంక్షలు మరీ దారుణం. తుమ్ములు వచ్చే పిల్లలకు పెరుగు మాన్పిస్తారు, అరటిపండు మాన్పిస్తారు, జామకాయ ముట్టనివ్వరు. మైట్ పడకపోవడానికీ వీటికీ సంబంధం లేదు. ఎదిగే బిడ్డ నోటి దగ్గరి పోషకాహారం లాగేసుకుని, దిండును మాత్రం అలాగే ఉంచుతాం. నిజంగా సంబంధం ఉన్న తిండి ఒకటుంది, దాని మాట కోస్తాలో ఎక్కువమంది ఎత్తరు: రొయ్యలు. రొయ్యలోనూ మైట్‌లోనూ ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ దాదాపు ఒకేలా ఉంటుంది. అందువల్ల మైట్ అలర్జీ ఉన్నవాళ్ళలో కొందరికి రొయ్యలు తింటే పెదాలు దురదపెట్టడం, దద్దుర్లు రావడం జరుగుతుంది. అందరికీ కాదు. తిని ఏమీ కానివాళ్ళు హాయిగా తినొచ్చు. తిన్నాక ఏదైనా అయినవాళ్ళు మాత్రం డాక్టరుకు చెప్పి తీరాలి.

తుమ్మే ప్రతి మనిషికీ మైటే కారణమని నేను అనడం లేదు. మన ఊళ్ళలో ఖాళీ స్థలాలన్నీ ఆక్రమించిన వయ్యారిభామ పుప్పొడి ఉంది, వంటింటి బొద్దింకలు ఉన్నాయి, వానాకాలం గోడలకు పట్టే బూజు ఉంది. రోడ్డు దుమ్ము, పొగ కూడా అప్పటికే వాచి ఉన్న ముక్కును రేపి ఇబ్బంది పెడతాయి. ఏది కారణమో ఊహించనక్కర్లేదు, పరీక్ష ఉంది. ముంజేతి మీద చుక్కల మందు వేసి సూదిమొనతో పైపైన గుచ్చితే పావుగంట, ఇరవై నిమిషాల్లో పడనిచోట దోమకాటులా దద్దు లేస్తుంది. పరీక్షకు కొన్ని రోజుల ముందు నుంచి సిట్రిజన్ లాంటి మాత్రలు ఆపాలి, లేకపోతే దద్దు రాదు. స్కిన్ ప్రిక్ అనే ఈ చిన్న పరీక్ష అడగకుండా, రక్తం తీసి రెండొందల తిండి పదార్థాల జాబితా చేతిలో పెట్టే ప్యాకేజీలకు వేలకు వేలు పోస్తున్నారు. "ఇస్నోఫీలియా ఎక్కువుంది" అన్న మాట పట్టుకుని పదేళ్ళు గడిపినవాళ్ళూ ఉన్నారు. ఆ పరీక్ష రక్తంలో ఒక రకం తెల్లకణాల లెక్క పెరిగిందని చెబుతుంది, దేనివల్ల పెరిగిందో చెప్పదు. లక్షణాలను గమనించినా కొంత తెలుస్తుంది. పడుకున్నాక, తెల్లవారుజామున, నిద్ర లేచీ లేవగానే ఎక్కువై, బయటికి వెళ్ళాక తగ్గే తుమ్ములైతే అనుమానం ముందు పక్క మీదే పెట్టుకోవాలి.

మరి చేయాల్సింది ఏమిటి? ఇల్లంతా కాదు, మంచం. మూడో వంతు జీవితం అక్కడే గడుస్తుంది, ముక్కు ఆనేదీ అక్కడే. పరుపుకు, దిండుకు నాలుగువైపులా మూసేసే జిప్పు కవర్లు తొడగాలి. పైన పరిచే దుప్పటి, సగం మూసే గలీబు కావు ఇవి. మైట్ గుళికలు దాటలేనంత సన్నటి నేత ఉండాలి, రంధ్రాలు పది మైక్రాన్ల లోపు ఉన్నవి అడిగి కొనాలి. ప్లాస్టిక్ షీటు కూడా అడ్డుకుంటుంది గానీ మన ఎండల్లో దాని మీద నిద్ర పట్టదు. బూరుగుదూది పరుపు మానేసి ఫోమ్ కొన్నాం, కొబ్బరిపీచుది కొన్నాం, ఇక మైట్లు ఉండవు అనుకోవడం ఇంకో భ్రమ. మనిషి పడుకున్న ఏ పరుపులోనైనా చేరతాయి. పరుపు అంచు కుట్టు వెంట, గుండీ పెట్టి నొక్కిన గుంటల్లో వేలు పెట్టి చూస్తే తగిలే మెత్తటి పొడిని చూడండి, అదీ వాటి తిండి నిలవ.

కవరు తొడిగితే పని అయిపోలేదు. పైన వేసే దుప్పట్లు, గలీబులు, కప్పుకునేవి వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్ళలో ఉతకాలి. చన్నీళ్ళలో ఉతికితే ఆ ప్రొటీన్ చాలావరకు కొట్టుకుపోతుంది, మైట్లు మాత్రం మునిగి తేలి బతికేస్తాయి. మన వాషింగ్ మెషిన్లలో కొన్నిటికి వేడి నీళ్ళ మీట ఉంది, కరెంటు బిల్లు భయంతో ఎవరూ నొక్కరు. మెషిన్ లేని ఇంట్లో పొగలు కక్కే నీళ్ళు బకెట్లో పోసి నానబెడితే సరిపోతుంది. చాకిరేవులో బానల్లో ఉడికి వచ్చిన దుప్పట్లలో ఏ మైటూ మిగిలేది కాదు, ఆ పని చేసిన రజకులకు మనం ఎన్నడూ ఆరోగ్యం లెక్కన కృతజ్ఞత చెప్పలేదు. వేడి నీళ్ళలో ఉతకడానికి వీల్లేని మెత్తటి బొమ్మలను కవరులో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో ఒక రోజంతా ఉంచి, తర్వాత దులిపి ఉతకాలి. అసలు పిల్లల మంచం మీద ఒక బొమ్మకు మించి వద్దు.

ఎండలో వేయడం గురించి పెద్దలు చెప్పింది సగం నిజం. పలచటి చాప, బొంత, దుప్పటి రాయలసీమ వేసవి ఎండలో డాబా మీద మధ్యాహ్నమంతా పడి ఉంటే మైట్లు చస్తాయి. మందపాటి పరుపులో మాత్రం పైన వేడెక్కుతుంటే కిందికి జారుకుంటాయి. చచ్చినా ప్రొటీన్ పోదు కనుక ఎండబెట్టాక బయటే దులపాలి, ఉతకగలిగింది ఉతకాలి. విశాఖ, కాకినాడ వైపు గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే కనుక అక్కడివాళ్ళు ఎండ మీద మరీ భరోసా పెట్టుకోకూడదు. తేమ పెంచే పనులు మనమే కొన్ని చేస్తున్నాం: మూసిన గదిలో ఎయిర్ కూలర్ తిప్పడం, వానాకాలంలో పడకగదిలో తాడు కట్టి బట్టలు ఆరేయడం. దుమ్ము వస్తుందని కిటికీలు బిగించుకోవడం కూడా అంతే. గాలి ఆడే గది మైట్‌కు గిట్టదు. ఏసీ తేమను తగ్గిస్తుంది, దాని జల్లెడ మాత్రం నెలకోసారైనా కడగాలి.

ఇక్కడ ఒక బలమైన వాదం ఎదురవుతుంది, దాన్ని తప్పించుకుపోవడం నాకు ఇష్టం లేదు. "ఇవన్నీ చేసినా పెద్ద లాభం లేదని పరిశోధనలే చెప్పాయి, మాత్ర వేసుకుని ఊరుకోవడమే మేలు" అని కొందరు డాక్టర్లు అంటారు. ఉత్తి మాట కాదు. 2003లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వుడ్‌కాక్ బృందం అచ్చువేసిన పరిశీలనలో వెయ్యిమందికి పైగా పెద్దవాళ్ళయిన ఆస్తమా రోగులు ఉన్నారు. పరుపు కవర్లు ఒక్కటే ఇచ్చి చూస్తే మామూలు కవర్ల కన్నా లాభం కనపడలేదు. అదే ఏడాది ముక్కు అలర్జీ మీద చేసిన మరో పరిశీలన కూడా అదే చెప్పింది. ఈ ఫలితాలు నిజం. కానీ వాటి నుంచి తీసిన ముగింపు తప్పు. అవి కవరు ఒక్కదాన్నే పరీక్షించాయి, ఎక్కువగా పెద్దవాళ్ళలో పరీక్షించాయి. 2004లో అదే పత్రికలో అమెరికా నగరాల్లోని 937 మంది పిల్లల మీద వచ్చిన పరిశీలనలో, ఒక్కో బిడ్డకు ఏది పడదో చూసి, దాన్నిబట్టి పక్కకు కవర్లు, ఇంట్లో మిగతా మార్పులు కలిపి చేస్తే ఆస్తమా బాధించే రోజులు తగ్గాయి. 2017లో మాంచెస్టర్ పరిశోధకులు మైట్ అలర్జీ ఉండి, ఆస్తమా ముదిరి ఒకసారి ఆస్పత్రికి వచ్చిన 284 మంది పిల్లలను తీసుకున్నారు. కవర్లు తొడిగిన పక్కల పిల్లల్లో ఏడాదిలో మళ్ళీ ఆస్పత్రికి వచ్చినవాళ్ళు నూటికి 29 మంది, ఉత్తుత్తి కవర్ల వాళ్ళలో 42 మంది. పసివాడు అర్ధరాత్రి ఊపిరాడక ఎమర్జెన్సీకి వెళ్ళాల్సిన అవసరం అంతమందికి తప్పిందంటే అది చిన్న లాభం కాదు. ఒక్క పని చేసి వదిలేస్తే అందరిలోనూ ఫలితం కనపడదు, అన్నీ కలిపి, మందులతో పాటు చేస్తే ఉంటుంది. నేను వాదించేది ఇంతవరకే.

మందులతో పాటు అన్న మాట కావాలనే నొక్కి చెప్పాను. ఇల్లు సరిచేసుకున్నాం కనుక ఇన్‌హేలర్ అక్కర్లేదని ఆపేస్తే ప్రాణాల మీదికి వస్తుంది. మన దేశంలో ఆస్తమా రోగులు ప్రపంచం మొత్తంలో దాదాపు 13 శాతం, ఆస్తమా మరణాలు మాత్రం 40 శాతానికి పైగా ఉన్నాయని అంతర్జాతీయ లెక్కలు చెబుతున్నాయి. ఇంత తేడా ఎందుకు? మందు అందక కొందరు, అందినా భయపడి వాడక మరెందరో. "అది అలవాటైపోతుంది", "అది ఆఖరి మందు" అనే మాటలు విననివాళ్ళు మనలో లేరు. పెళ్ళిచూపుల రోజు అమ్మాయి ఇన్‌హేలర్‌ను బీరువాలో చీరల కింద దాచే ఇళ్ళు ఉన్నాయి. పీల్చే స్టెరాయిడ్ ఒక మోతాదు వంద, రెండు వందల మైక్రోగ్రాములు, నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆయాసం ముదిరాక మింగించే స్టెరాయిడ్ మాత్ర ముప్ఫై, నలభై మిల్లీగ్రాములు, ఒళ్ళంతా పాకుతుంది. వందల రెట్ల తేడా. రోజూ పీల్చే చిన్న మోతాదుకు భయపడి, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఏటా స్టెరాయిడ్ సూది వేయించుకునేవాళ్ళకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు.

ముక్కు సంగతీ అంతే. డాక్టరు రాసిచ్చే ముక్కు స్టెరాయిడ్ స్ప్రేను చూసి భయపడతారు, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న దిబ్బడ చుక్కలు మాత్రం నెలల తరబడి వేస్తారు. నిజంగా అలవాటు పడేది ఆ చుక్కలకే. ఐదు రోజులు దాటితే అవే ముక్కును మళ్ళీ బిగిస్తాయి, చుక్క లేకపోతే ఊపిరి ఆడని స్థితి వస్తుంది. ఏటా మృగశిర కార్తెకు హైదరాబాదులో చేప మందు కోసం వేలమంది రాత్రి నుంచే బారులు తీరుతారు. ఊపిరి అందని మనిషి ఎంత దూరమైనా వెళతాడు, ఆ ఆరాటాన్ని తప్పుపట్టను. కానీ ఆ మందు ఆస్తమాను తగ్గిస్తుందని శాస్త్రీయ పరీక్షల్లో రుజువు కాలేదు. దాన్ని మింగి ఇన్‌హేలర్ మానేస్తే మాత్రం ఏమవుతుందో ఎమర్జెన్సీ వార్డులకు తెలుసు. మందులతోనూ లొంగని మైట్ అలర్జీకి, మైట్ సారాన్నే కొంచెం కొంచెంగా సూదితోనో నాలుక కిందో ఇచ్చి ఒంటికి అలవాటు చేసే ఇమ్యునోథెరపీ ఉంది. మూడేళ్ళకు తక్కువ కాకుండా పడుతుంది, అనుభవం ఉన్న డాక్టరు చేతుల్లోనే జరగాలి.

డాక్టర్లకు ఒక మనవి. "దుమ్ముకు దూరంగా ఉండండి" అని రాయకండి. ఆ మాట విన్న ఇంట్లో ఒక ఆడమనిషి మీద మరో పూట ఊడ్పు పడుతుంది, అంతే. దాని బదులు దిండుకు, పరుపుకు జిప్పు కవరు, వారానికోసారి వేడి నీళ్ళ ఉతుకు అని మందుల పేర్ల పక్కనే రాయండి, ఒక్క నిమిషం కూర్చోబెట్టి చెప్పండి. ఇంట్లో తుమ్మే బిడ్డ ఉన్న పాఠకులు ఈ ఆదివారం ఆ బిడ్డ దిండు ఎన్నేళ్ళ నాటిదో చూడండి. పాతదైతే మార్చండి, కొత్తదానికి కవరు తొడగండి, దుప్పట్లు వేడి నీళ్ళలో వేయండి. ఇన్‌హేలర్ రాసి ఉంటే అది మానకండి. ఆ ఇంటి ఇల్లాలిని, కోడలిని, పనిమనిషిని సరిగ్గా ఊడ్చలేదని అనడం ఈ రోజుతో ఆపేయండి.